అయ్యగారూ, నెత్తిన చెయ్యి పెట్టొద్దు

పాస్టర్ జీవన్ కుమార్ అయ్యగారికి వందనాలు.

నిన్న మీరు ప్రార్థన గుంపుతో వస్తే నేను తలుపు తియ్యలేదు. "ఏందమ్మా, విశ్వాసం తగ్గిందా?" అని కిటికీ దగ్గర నిలబడి అడిగినారు. తగ్గింది నెత్తుట్లో తెల్ల కణాలయ్యా. ఒంట్లోకి దూరిన బ్యాక్టీరియాను పట్టుకుని మింగేసేవి అవేనట. క్యాన్సర్ మందు గడ్డతోపాటు వాటినీ ఊడ్చేసింది. అవి మళ్ళీ పెరిగేదాకా చిన్న దగ్గు అంటుకున్నా ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

మీరేమో అరచేతిలో దగ్గి, అదే చెయ్యి అందరి నెత్తినా పెడతారు. పోయిన నెల నా బోడిగుండు మీద కూడా పెట్టి, "స్వస్థత కలుగును గాక!" అని అరిచారు. మూడో రోజుకే జ్వరమొచ్చి వారం ఆసుపత్రిలో పడున్నాను. అక్కడికీ వచ్చి చెయ్యి పెట్టబోతే నర్సమ్మ మిమ్మల్ని తరిమింది.

ఇంకో రెండు వారాలు వీధిలో నిలబడే ప్రార్థించండి. దేవుడికి వినపడదనే భయం వద్దు, మీ మైకు గిద్దలూరు స్టేషన్ దాకా వినిపిస్తుంది. మీ కోడలు రెబెకా చేత పాట పాడించండి, లోపలినుంచి నేనూ అందుకుంటాను. ఒక్కదాన్నే ఉంటే ఇల్లు భయపెడుతోంది.

కణాలు పెరిగితే ఆదివారం ముందు వరస చాప నాదే. పెరగకపోతే అందరూ లోపలికే రండి. నా శవపెట్టె చుట్టూ నిలబడి ఎంత దగ్గినా ఏమీ అనను.

ఇట్లు,
కిటికీ వెనక సహోదరి