మలుపు దగ్గర ఆగని బండ్లు

పెద్దమ్మాయ్,

ఆ రోజు అందరికంటే ముందున్న నువ్వు మలుపు దగ్గర ఆగలేదు. అందుకే మీ అమ్మ పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇవాళ మళ్లీ పన్నెండు మోటారు బండ్లను వెంటేసుకుని పోతున్నావు. నువ్వు లేచేసరికి నేను షెడ్డుకు వెళ్లిపోతాను. నీ బండి వెనక బ్రేకు బిగించాను, గొలుసుకు నూనె పెట్టాను. అందరి టైర్లలో గాలి నువ్వే చూడు, వాళ్ల మాట నమ్మకు. కొత్తగా నేర్చుకున్నవాళ్లను నీ వెనకే ఉంచుకో, చివర పెట్టకు. ఎవరి వెనక వచ్చే బండికి వాళ్లే పూచీ. అది అద్దంలో కనబడితేనే మలుపు దాటాలని అందరికీ గట్టిగా చెప్పు.

మీ అమ్మ స్కూటరు చివర ఉంది. మనల్ని అందుకోవాలని వేగం పెంచి వంపులో జారిపోయింది. టీ కొట్టు దగ్గర బండ్లు లెక్కపెట్టుకునేదాకా ఒకటి తక్కువైందని మనకు తెలియలేదు.

నీ కుడివైపు అద్దం వదులైంది. తీసేసి పెద్దది వేశాను. "మీ నాన్నకు అద్దం మీసం దువ్వుకోవడానికే" అని మీ అమ్మ ఎగతాళి చేసేది, గుర్తుందా?

హెల్మెట్ పట్టీ కొత్తది, గూట్లో ఉంది.

ఇంకొకటి. ఆ రోజు మీ అమ్మకు ముందున్న బండి నాది. అద్దంలో చూసుకోవాల్సింది నేను. చూడలేదు. నిన్ను క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు. సాయంత్రం వచ్చాక ఈ చీటీ సంగతి ఎత్తకు. అద్దంలో చూడలేదన్న మాట చచ్చేదాకా నా నోట రాదు.