పళ్ళకు వచ్చిన తొందరను కాలేయానికి మార్చమని మనవి

పర్సుడీహ్,
జంషెడ్‌పూర్.

ఖర్కాయి వైద్య, దంత పరిశోధనాలయపు నైతిక సంఘము, సభ్య కార్యదర్శి గారి సముఖమునకు

విషయం: మా చెల్లెలు కల్యాణి పళ్ళకు కేటాయించిన తొందరను ఆమె కాలేయమునకు బదలాయించుట గురించి.

అయ్యా,

నేను టాటానగర్ రైల్వేలో పనిచేసిన కీ.శే. గొర్లె పోలరాజు గారి పెద్ద కుమార్తెను. పరిశోధన సంగతులన్నీ మాతృభాషలో అర్థమగునట్లు వివరించితిమని తమ అంగీకార పత్రములో అచ్చు వేసియున్నది. వివరించినది హిందీలో. అదీ, "సైన్ కర్ దీజియే దీదీ" అని, సంతకము పెట్టమనుట మాత్రమే. మాతృభాష ముచ్చట ఇప్పుడు నేను తీర్చుచున్నాను. తమ గుమస్తా దుర్గాప్రసాద్ గారు మన తెలుగువారే. చదివి వినిపిస్తారు.

1. కల్యాణి మా ఇంట్లో ఆఖరిది. బిష్టుపూర్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటరు చూస్తుంది. పై పళ్ళు ఎత్తు. నవ్వితే చేయి అడ్డం పెట్టుకొనేది. తమ దంత విభాగమున పళ్ళను తొందరగా జరుపు పరిశోధన ఉన్నదని విని చేరినది. తీగలు అందరికీ కడతారు. పళ్ళ మధ్య కరిచిపట్టుకొంటే వాటిని తొందరపెట్టే వణుకు యంత్రం మాత్రం కొందరికే. అది ఎవరికన్నది సీలు వేసిన కవరు తెరిచి తేలుస్తారు.

కవరు తెరవకముందు నేను పైడితల్లి అమ్మవారికి మొక్కుకొన్నాను. యంత్రం వచ్చింది.

2. చేరిననాడు తీసిన రక్తములో హెపటైటిస్ బి ఉన్నట్లు తరువాత బయటపడినది. పళ్ళకేమీ అభ్యంతరము లేదని, మనిషిని మాత్రము పై అంతస్తులోని కాలేయ విభాగమునకు పంపినారు. అక్కడా ఒక పరిశోధన. జబ్బు ముదరకముందే మాత్ర మొదలుపెట్టుట మేలా, కొంతకాలము కనిపెట్టి చూచుట మేలా అని. అక్కడా కవరే. కల్యాణికి 'వేచియుండు వర్గము' వచ్చినది. ఈసారి నేను మొక్కుకోలేదు. మొదటి మొక్కు తీర్చకుండా రెండోది అడగడం మర్యాద కాదనుకొన్నాను.

3. చీటీలు మాకు కొత్త కాదు. ఎటూ తేలని మాటకు అమ్మవారి ముందు చీటీ వేస్తాం. జబ్బు మనిషికి మందు ఇవ్వాలా వద్దా అని మాత్రం ఎన్నడూ వెయ్యలేదు. అయినా, ఏది మేలో ఇంకా ఎవరికీ తెలియదని డాక్టర్లు అన్నారు. ఒప్పుకొన్నాను.

ఇప్పుడు తెలిసినది. వరుసగా రెండు పరీక్షలలో ఆమె లివరు వాపు పెరిగినది. అట్టివారిని వేచియుండు వర్గము నుండి తప్పించి వెంటనే మాత్ర ఇయ్యవచ్చునని తమ నియమములోనే ఉన్నది. నైతిక సంఘము సంతకము ఒక్కటి కావలెను. కాలేయ విభాగపు డాక్టర్ రాజ్‌కిరణ్ గారు ఆ సంతకము కోరుచు కాగితము పంపినారు. సంఘము కూర్చోలేదు. పరిశోధన ఎప్పుడైనా మానుకోవచ్చునని కూడా పత్రములో ఉన్నది. మానుకొని బయట మాత్ర కొనుక్కొంటామంటిమి. మానుకొనుటకూ అదే సంతకమట.

4. సంఘము బొత్తిగా కూర్చోదని నా ఫిర్యాదు కాదు. వణుకు యంత్రము రంగు నీలము నుండి గులాబీకి మార్చుటకు కూర్చున్నది. సమోసాలు కూడా వచ్చినవి. బయట బెంచీ మీద ఉన్న నాకూ ఒకటి ఇచ్చినారు. కృతజ్ఞతలు.

ఆ రోజే దుర్గాప్రసాద్ గారిని అడిగాను. "మా ఫైలు ఎప్పుడు కదుల్తాది నాయనా?"

"పంటికైతే తీగ కడితే కదుల్తాది గానీ, ఫైలుకి ఏటి కడతామమ్మా?" అన్నారు.

మంచి మనిషి. ఆయన తప్పు లేదు.

5. కల్యాణి ఒక్కపూట యంత్రం కరవకపోతే దంత విభాగము వారికి తెలిసిపోవును. వెంటనే ఫోను. "క్యా హువా మేడమ్, తబియత్ ఠీక్ హై నా?" ఆమె తబియత్, అనగా ఒంటి కులాసా, వారికి పళ్ళ వరకే. పై అంతస్తు నుండి ఇంతవరకు ఒక్క ఫోనూ లేదు.

నిన్న నేను దీపం పెట్టి వచ్చేసరికి కల్యాణి యంత్రం నోట్లోంచి తీసి నాతో అన్నది: "అప్పా, టెన్షన్ మత్ లో. పళ్ళకి కన్ఫర్మ్ టికెట్టు, లివరుకి వెయిటింగ్ లిస్టు. నాన్న ఉంటే ఏ టీసీకో చెప్పించీవోడు."

నవ్వింది. చేయి అడ్డం పెట్టుకోలేదు. నేను మళ్ళీ దేవుడి గదిలోకి వెళ్ళిపోయాను.

6. నాన్నగారు ఈ జబ్బుతోనే పోయినారు. కడుపు ఉబ్బిన తరువాత గాని తెలియలేదు. ఆయనకు ఎవరూ కవరు తెరవలేదు. ఆలస్యం దానంతట అదే వచ్చింది. తెలిసి చేయు ఆలస్యము ఏ పరిశోధన కిందికి వచ్చునో తమరు సెలవియ్యవలెను.

కావున, పళ్ళు నిదానముగా జరిగినను మాకు సమ్మతమే. యంత్రము, అది ఏ రంగుదైనను, వాపసు చేసెదము. ఆ తొందరను కాలేయమునకు ఇప్పించవలెను. అమ్మవారికి నేను చెప్పుకొంటాను. ఆవిడ ఏమీ అనుకోదు.

నా మనవి చిత్తగించవలెను. చిత్తగించి, కలము కూడా తీయవలెను.

తమ విధేయురాలు,
గొర్లె ఉమామహేశ్వరి

జతపరచినది: డాక్టరు గారి కాగితము నకలు.

తా.క. ఇది మడత పెడుతుండగా దంత విభాగం నుంచి ఫోను వచ్చింది. కల్యాణి పళ్ళు అందరికంటే ముందు సర్దుకొన్నాయట. ఆదివారం వాళ్ళ పరిశోధన సభలో వేదిక ఎక్కి, పెద్దలందరి ముందు నవ్వి చూపించాలట. అధ్యక్షులు తమరేనట. తప్పక తీసుకొస్తాను. ముందు వరుసలో కూర్చుని జపం చేసుకొంటాను. కాగితం ఇంకో నకలు, కలం నా సంచీలో ఉంటాయి. తమరు సంతకం పెట్టేదాకా మా పిల్ల పెదవి విప్పదు. దానికి చెప్పి ఉంచాను. అప్ప మాట అది దాటదు.

సభ ఎంతసేపు ఆగినా నాకు ఇబ్బంది లేదు. వేచియుండుట తమరే నేర్పినారు.