అన్నయ్య దాచిన టికెట్టు

12 ఆగస్టు 1968, సోమవారం

ప్లీడరుగారి మాట విన్నప్పటి నుంచీ నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కాలు పోయినవాడి తమ్ముణ్ణి, ఇలా రాయకూడదేమో!

ఆరు నెలలుగా అన్నయ్య, తన కాలు తీసిన ఆ బస్సు టికెట్టును ట్రంకుపెట్టెలో భద్రంగా దాచాడు. టికెట్టుంటే పరిహారం ఎక్కువ వస్తుందని మా అందరి నమ్మకం. ప్లీడరుగారు దాన్ని చూసి నవ్వారు.

"బస్సు ప్రయాణికుడికి ఇన్సూరెన్సు కంపెనీ రెండు వేలకు మించి కట్టదు. రోడ్డు మీద మనిషికైతే ఇరవై వేల దాకా కట్టాలి. నిజం చెప్పు, అప్పుడు ఎక్కడున్నావు?"

బస్సు మెట్టు మీంచి జారిపడ్డానని మాతో చెప్పిన అన్నయ్య తల దించుకున్నాడు. మిట్ట మీద అమ్మవారి గుడి దగ్గర బస్సు ఆగితే, దిగి రోడ్డు పక్కన కొబ్బరికాయ కొడుతున్నాడట. బస్సు వెనక్కి దొర్లి కాలి మీదకెక్కింది.

ఇరవై వేలు! మగ్గం తొక్కలేకపోతేనేం, రాజాంలో బట్టల కొట్టు పెట్టుకోవచ్చు. దారిలోనే కొట్టుకి పేరు కూడా ఆలోచించేశాను. డ్రైవరు నిజం ఒప్పుకుంటాడా అన్నదొక్కటే బెంగ.

ఇంట్లో చెబితే అమ్మ మండిపడింది. "అమ్మోరి ముంగట కాయ కొడతంటే కాలు పోనాదని కోర్టులో సెప్తావేటి? ఏ పాపం సేసినాడో అని ఊరంతా అనదేటి?"

"అందుకే ఇన్నాళ్లూ దాసినానమ్మా" అన్నాడు అన్నయ్య. "ఆ కాయ నీ మోకాళ్ల నొప్పి తగ్గాలని కొట్టినాను."

అమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"కోర్టు ఎప్పుడ్రా? నానూ వస్తాను. ఆ కాయ నాకోసమేనని నానే సెప్తాను."