చచ్చాక పాడిన పద్యం

చిరంజీవి ప్రేమ్‌చంద్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ గుంటూరు హాస్టల్లో నేను, ఊళ్లో మీ నాన్న, మన గేదెలు అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరం చదివి నమ్మాను, కాళ్లకు బొబ్బలెక్కాయన్న ముక్క తప్ప. పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకో. మీ ఆర్మీవాళ్లు ఆదివారం ఫోను చేతికిచ్చి మళ్లీ లాక్కునేలోపు ఇదంతా చెప్పలేను. అందుకే కాగితం పట్టాను.

"ఈ వయసులో ఎం.ఏ. అంటే క్లాసులో పిల్లలు ఏడిపిస్తున్నారా అమ్మా" అని అడిగావు. ఏడిపించకుండా ఎందుకుంటారు? మొదటిరోజు నన్ను చూసి కొత్త మేడమనుకుని అందరూ లేచి నిలబడ్డారు. నేనూ దర్జాగా కూర్చోమన్నాను! సంగతి తెలిశాక ఆంటీ అన్నారు. ఇప్పుడు హాస్టల్లో నా గోంగూర పచ్చడి జాడీ చుట్టూ తిరుగుతున్నారు. మిరప ధర ఎలా ఉందన్నావు. అది మీ నాన్ననే అడుగు, ఆ మాటెత్తితే నా ఉత్తరం పాడైపోతుంది.

ఇక క్లబ్బు సంగతి. ఇక్కడ చదువులు మొదలవగానే క్లబ్బులవాళ్లంతా చెట్ల కింద బల్లలు వేసుకుని, సంతలో కూరగాయలవాళ్లలా కేకలేసి పిలుస్తారు. డాన్స్ క్లబ్బు, ఫొటోల క్లబ్బు, క్విజ్ క్లబ్బు, మొక్కలు నాటే క్లబ్బు. నేను పుస్తకాల క్లబ్బులో చేరానని నీకు రాశాను. అది అబద్ధంరా. నేను చేరింది నాటకాల క్లబ్బులో.

మీ నాన్న సంగతి తెలుసుగా. పొదిలి చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకమున్నా ఆయన ముందు వరసలో ఉంటాడు. కానీ నన్ను చదువుకు పంపేటప్పుడు మాత్రం, "చదువుకో, నేనేం కాదనను. స్టేజీలూ గీజీలూ ఎక్కావని తెలిసిందా, ఆ రోజే సామాను సర్దుకుని వచ్చెయ్యాల" అన్నాడు. వేరేవాళ్ల భార్యలు పాడితే ఈలలేస్తాడు, సొంత భార్య దగ్గరకొచ్చేసరికి పరువు! తెలిస్తే చదువు ఆగిపోతుందన్న భయంతో నీకు కూడా చెప్పలేదు. నువ్వు ఫోనులో నోరు జారతావు.

మా క్లబ్బు సెక్రటరీ ఫెబా అని ఒంగోలు పిల్ల. నా క్లాసులో సాదిక్ అనే కుర్రాడు కొత్త పద్యనాటకం రాశాడు. మిరపకల్లం కాపలా కాసే ముసలమ్మ కథ. వాన ముంచుకొస్తుంటే కాయల మీద పట్టలు కప్పుతూ ప్రాణం వదులుతుంది. "వానా, నా కాయ ఎండేదాకా ఒక్క పూట ఆగవే" అని చివరి పద్యం. ఆ ముసలమ్మను నేనే. పిల్లలు కీబోర్డు చాలన్నారు. పద్యానికి హార్మోనియం లేకపోతే ఎలాగని పట్టుబట్టి, మన ఊరి యలమందయ్య బాబాయిని పిలిపించాను. నా పేరు ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు.

నాటకాల పోటీల రోజు హాలు నిండిపోయింది. పద్యం పాడాను, పట్ట మీద పడ్డాను, చచ్చాను. తెర దించబోతుంటే వెనక వరసలోంచి ఒక గొంతు: "వన్స్ మోర్!"

మన వైపు పద్యం నచ్చితే చచ్చినవాళ్లనైనా లేపి పాడించుకుంటారు కదా. కానీ ఇవి పోటీలు. టైము దాటితే మార్కులు కోస్తారు. పక్కనుంచి ఫెబా, "లేవొద్దాంటీ, లేవొద్దు!" అని చేతులు ఊపుతోంది. ఆ గొంతు మళ్లీ అరిచింది. హాలంతా అందుకుంది. యలమందయ్య బాబాయి నన్ను అడగనైనా అడగకుండా శ్రుతి ఎత్తుకున్నాడు. ఇంక ఏ శవం ఆగుతుంది చెప్పు? లేచాను. చీర దులుపుకుని, జనానికి దణ్ణం పెట్టి, గొంతెత్తాను. మొదటిసారి భయపడుతూ పాడాను. రెండోసారి నా కోసం పాడుకున్నాను. ఇన్నేళ్లూ ఈ గొంతును వంటింట్లో దాచానా అని నాకే ఆశ్చర్యమేసింది. పాడి, మళ్లీ చచ్చాను. అదే గొంతు ఇంకోసారి "వన్స్ మోర్!" అంది. ఫెబా పరిగెత్తుకెళ్లి తెర దించేసింది.

టైము దాటినందుకు నాటకానికి రెండో బహుమతే వచ్చింది. ఉత్తమ నటి మాత్రం మీ అమ్మే! ఫెబా నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. డాన్స్ క్లబ్బు పిల్లలు కూడా ఇప్పుడు మా క్లబ్బులో చేరతామని వస్తున్నారు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నేను ముఖానికి రంగు తుడుచుకుంటుంటే మీ నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గుంటూరు మిర్చి యార్డుకు కాయలు తెచ్చాడట. యలమందయ్య బాబాయి నా పేరెత్తలేదుగానీ, "నా వాయింపు వినడానికి రావయ్యా అల్లుడూ" అన్నాడట.

"సామాను సర్దుకోమంటావా?" అన్నాను.

"వన్స్ మోర్ కొట్టింది నేనే" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ముసలి వేషంలో నువ్వని తెలీలా. లేచి దణ్ణం పెట్టావే, అప్పుడు పోల్చుకున్నా. అప్పటికే హాలు హాలంతా అరస్తా ఉంది. ఎవర్నని ఆపను?"

"ముందే తెలిసుంటే అరిచేవాడివి కాదుగా?"

ఆయన తలెత్తి, "మూడోసారి కొట్టింది కూడా నేనే. తెలిసే కొట్టా" అన్నాడు. "ఆ తెర దించిందెవరో ముందు నాకు చూపించు."

ఇట్లు,
రెండుసార్లు చచ్చి నిక్షేపంగా చదువుకుంటున్న
మీ అమ్మ