వత్తులు నిలబడిన కాగితం

9-7-79, సోమవారం

ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన చేయి ఇది. అక్షరాలు వంకరపోయినా, తప్పులు దొర్లినా సర్దుకో పుస్తకమా.

మా ఆయన తిరుపతి నుంచి తెలుగు టైపు మిషను అద్దెకు తెచ్చారు. తాలూకా ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు కొట్టడమే కదా ఆయన పని. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో. ఇప్పుడు తెలుగువే కావాలంటున్నారట. "కుదరకపోతే వాపసు ఇచ్చేస్తా" అన్నారు.

తువాలు కప్పి పెట్టారు. అంచు తొలగిన చోట ఎంత నల్లగా మెరుస్తోందో...

10-7-79

'అమ్మవారు' అని కొట్టారు. మ కింద ఉండాల్సిన వత్తు పక్కనున్న వా కింద పడింది. ప్రతి మాటా అంతే. నేను చెబితే అత్త నవ్వింది — "అమ్మోరికే కాలు ఇరగ్గొట్టినావు గదరా."

ఆయన కాగితం ఉండచుట్టి లేచిపోయారు.

12-7-79

ఇంట్లో ఎవరూ లేరు. తువాలు తీశాను.

ఒక్క వేలు. మిగతా మీటలు కొడితే పై బండి జరుగుతుంది. వత్తు మీట కొడితే జరగదు — అక్కడే ఆగి తరువాతి అక్షరం కోసం చూస్తుంది. మనం చేత్తో అక్షరం రాసి, కింద వత్తు తగిలిస్తాం. దీనికి వత్తే ముందు.

కొట్టాను. వత్తు మ కిందే నిలబడింది.

సాయంత్రం ఆయన చూసి — "ఎవురు సెప్పినారు నీకు?"

"ఎవురూ లేదు. అది కదల్లేదు గదా..."

"ఏదీ, ఇంకోటి కొట్టు."

ఆయన చూస్తుంటే వేళ్లు రావు. మీరు అట్ల తిరగండి అన్నాను. నవ్వుతూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

13-7-79

కొత్త తంటా. పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటున్నాయి. ఆఫీసులో గుమాస్తా అర్జీ తిరిగి ఇచ్చేశాడట — "ఇది అర్జీనా, చీమలబారా?"

"సోమవారం మిషను ఇచ్చేస్తా" అన్నారు. అన్నం సరిగ్గా తినలేదు. నేనూ.

ఆయనకు ఇంగ్లీషు మిషను ఉంది. నాకు ఇదొక్కటే.

14-7-79

మిషను పక్కన చిన్న పిడి. ఒక గాడి కిందికి జరిపితే వరుసల మధ్య ఎడం పెరిగింది. వత్తులు, గుడులు విడివిడిగా... ఎంతసేపు చూసుకున్నానో.

కానీ అర్జీ రెండో కాగితం మీదికి పాకింది. "రెండోది యాడన్నా ఊడిపోయిందంటే ఆ మనిషి పని గోవిందా" అన్నారు ఆయన.

15-7-79, ఆదివారం

సత్యవేడు వైపు నుంచి ఒక రైతు ఇంటికే వచ్చాడు. పొలానికి పోయే బండిదారిని ఎవరో దున్నేశారట. ఆయన రాసిన చిత్తు చూశాను. సగం దండాలే — మహారాజరాజశ్రీ, తమ దివ్యసముఖమునకు...

తలుపు చాటు నుంచే అన్నాను — "ఈ దండాలు తగ్గిస్తే ఒక కాగితంలో పడతాది."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. రైతు మాత్రం — "నిజమే గదప్పా. పోయిన దోవ అడిగేదానికి ఇన్ని మొక్కులు యాల? నేనేమన్నా కొండకు పోతా ఉండానా?"

కొట్టాను. ఒక్క కాగితం. చదివి వినిపించమన్నాడు. తడబడుతూనే చివరిదాకా చదివాను.

"నేను మాట్లాడినట్టే ఉండాది తల్లీ."

16-7-79

ఆయన అర్జీ తీసుకుని ఆఫీసుకు వెళ్లారు. మిషను మూటకట్టి వాకిట్లో ఉంది, తిరుపతి బస్సు కోసం. వెళ్తూ అన్నారు — "కాగితం తీసుకున్నారంటే మూట ఇప్పేద్దాం. అయితే మేయ్, నువ్వే వచ్చి కూసోవాల ఆడ."

అత్త గొణిగింది. "అంతమంది మొగోళ్ల నడమ యాడ కూసుంటాది?" మళ్లీ తనే — "గొడుగు మాత్రం తీసకపో."

అంతమందిలో... నా వల్ల అవుతుందా?

మధ్యాహ్నం దాటింది. ఇంకా రాలేదు. నీలం చీర ఉతికి ఆరేశాను. మాసింది కాబట్టి ఉతికానని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఈ పేజీ ఎవరి కంటైనా పడితే, ఇక్కడిదాకా చదివినవాళ్లు దీన్ని పొయ్యిలో వేసి పుణ్యం కట్టుకోండి.