నీలం పోసిన చెరువు

కొండకిందపల్లి,
12 మే 2001.

ప్రియమైన రాణి అక్కకు,

మన చెరువును దొంగిలించారు. నీళ్ళే లేని చెరువును ఎట్లా దొంగిలిస్తారంటావేమో. కాగితం మీద నీళ్ళు నింపి దొంగిలించారు. చేసింది నువ్వు పనిచేసే హిందూపురం పరిశోధన సంస్థ. ఇంకా పేరు పెట్టి చెప్పాలంటే, మీ భరత్ సారు.

నిన్న పెనుకొండ ఆఫీసుకు పోయాను. చెరువుల పూడిక తీసే పనులకు ఊళ్ళ జాబితా తయారైంది, అందులో మన ఊరు లేదు. గుమాస్తాను అడిగితే తలెత్తకుండానే అన్నాడు: “ఏమప్పా, మీ చెరువు నిండుగా ఉండాదంట కదా! శాస్త్రవేత్తలే రాసిచ్చినారు. నిండిన చెరువులో పూడిక ఎట్ల తీస్తారు, ఈదుకుంటా తీస్తారా?” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవిలోనే ఉంది.

వానలు ఎట్లా మారుతున్నాయో తెలుసుకుంటామని జనవరిలో జీపేసుకొని వచ్చారు కదా మీరంతా. బడి ముందర ఆడవాళ్ళ చేత ఊరి పటాన్ని ముగ్గుగా వేయించారు. రంగుపొడి పొట్లాలు పంచింది నువ్వే. ఫోటో తీసుకొని, అందరికీ దండం పెట్టి పోయారు. ఆ ఫోటో పట్టుకొనే మనం నీళ్ళలో తేలుతున్నామని ప్రభుత్వానికి చెప్పారు.

నాయన మల్బరీ తోట సగం ఎండిపోయింది. పూడిక తీస్తే ఒక్క వాన నిలిచినా బోరు ఊరుతుందని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాడు. ఇప్పుడు తోట పెరికేసి బెంగుళూరుకు కూలికి పోతానంటున్నాడు. నీకు జీతమిచ్చేది ఎవరో తెలుసు. నీ ఊరేదో గుర్తుందా? జవాబు రాయి.

కడుపు మండుతున్న నీ తమ్ముడు,
తిరుపాల్

*

హిందూపురం,
17 మే 2001.

ప్రియమైన తమ్ముడు తిరుపాల్‌కు,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. విప్పకుండా ఉండాల్సింది.

ఆ చెరువులో నీలం పోసింది భరత్ సారు కాదు. మన అవ్వ. నువ్వు ఆ రోజు ధర్మవరం బస్టాండులో మీ సంఘం కరపత్రాలు పంచుతున్నావు కాబట్టి చూడలేదు. ఆడవాళ్ళు వీధులూ తూములూ అన్నీ సరిగ్గానే గీశారు. “చెరువులో ఇప్పుడెన్ని నీళ్ళున్నాయో చూపించండమ్మా” అని సారు అడగ్గానే, అవ్వ పొట్లం విప్పి కట్ట అంచుదాకా నీలం పోసేసింది.

“యాడున్నాయి అవ్వా నీళ్ళు?” అన్నాను.

“నోర్ముయ్యి మే. ముగ్గులో చెరువు ఎండబెడితే ఊరికి అరిష్టం. పెండ్లి ముగ్గులో ఎవరన్నా ఉత్త కడవ ఏస్తారా?” అంది. అంతే, మిగతావాళ్ళూ తలా ఒక పిడికెడు పోసి బావులన్నీ నింపేశారు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో సారుకు సంగతంతా చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? “రాణీ, ప్రజలు చూపించింది మనం దిద్దకూడదు. ఇన్నేళ్ళూ దిద్దీ దిద్దీనే కదా వాళ్ళ నోళ్ళు మూయించాం” అన్నాడు. నువ్వు నాకిచ్చిన కరపత్రంలోనూ అదే మాట ఉంది, పెద్ద అక్షరాలతో. అందుకే నేనూ ఎదురు చెప్పలేకపోయాను. ఆయన మంచివాడు తిరుపాల్. చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకుందును.

ఈ నెల ఇరవై తొమ్మిదిన ధర్మవరం కల్యాణమండపంలో అధికారులను పిలిచి పరిశోధన వివరిస్తున్నారు. జాబితా చేతిలో ఉన్న పెద్దాఫీసరూ వస్తాడు. అవ్వను తీసుకొని రా. చెరువు ఎండిందని ఆమె నోటితోనే చెప్పనీ. రెండు నిమిషాలు అడిగి పెట్టాను. నీకు దండం పెడతాను, నువ్వు మాత్రం అరవకు.

ప్రేమతో, ఊరిని మరిచిపోని
అక్క రాణి

*

కొండకిందపల్లి,
23 మే 2001.

ప్రియమైన అక్కా,

అవ్వను నిలదీశాను.

“చెరువులో నీళ్ళున్నాయా అవ్వా?”

“నీ కండ్లు పోయినాయేమిరా? దుమ్ము లేస్తాంటే కనపడలేదా?”

“మరి ముగ్గులో ఎందుకు పోసినావు?”

“ముగ్గు లక్ష్మికి ఏసేది. ఆఫీసర్లకు నోటితో చెప్తారు గానీ ముగ్గేసి చెప్తారా ఎవరన్నా? నోటితో అడిగింటే నోటితో చెప్పింటి. ముగ్గెయ్యమన్యారు, ఏస్తి.”

ధర్మవరం వచ్చి చెప్తావా అంటే చెప్తానంది. “అంత దూరం పోతే పట్టుసీర అంగడి చూపించల్ల మళ్ళా. కొనకపోయినా ఫరవాలేదు, చేత్తో ముట్టుకొని వస్తా” అని బేరం కూడా పెట్టింది.

కానీ రెండు నిమిషాలంటే నాకు ఒళ్ళు మండుతోంది. వాళ్ళు ఏసీ రూముల్లో ఏళ్ళకేళ్ళు మాట్లాడుకుంటారు, మన అవ్వకు రెండు నిమిషాలా? మీ సారు మంచివాడంటావు. ఆ మంచితనంలోనే కదా మనం నీళ్ళు లేకుండా మునిగిపోయింది! ఆకు చాలక నిన్న నాయన రెండు తట్టల పట్టుపురుగులను దిబ్బలో పారబోశాడు. అవి ఇంకా తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. అది చూసినవాడిని అరవకు అంటున్నావు. మాట ఇవ్వలేను.

తిరుపాల్

*

హిందూపురం,
2 జూన్ 2001.

ప్రియమైన తిరుపాల్‌కు,

ఆ మొదటి మాట రాయడానికి ఈసారి చాలాసేపు పట్టింది.

నిన్ను పోలీసులు బయటికి నెట్టాక లోపల ఏం జరిగిందో నీకు తెలియదు కదా, మొదటి నుంచీ చెప్తాను విను. తెర మీద ముగ్గు బొమ్మ పడగానే నువ్వు లేచి “దొంగలు! దొంగలు!” అని అరిచావు. కరపత్రాలు పెద్దాఫీసరు ముఖాన విసిరావు. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే అందరూ లేచారు. అవ్వ తన రెండు నిమిషాల కోసం మైకు దగ్గర చేతులు కట్టుకొని నిలబడే ఉంది. ఎవరో మైకు కట్టేశారు.

భరత్ సారు అంతకు రెండు రోజుల ముందు ఎవరికీ చెప్పకుండా మన ఊరికి బస్సులో వెళ్ళి వచ్చాడు. నాకూ సభ అయ్యాకే తెలిసింది. నేను పదే పదే చెప్పిన మాట చివరికి ఆయనకు ఎక్కింది. చెరువు మధ్యలో నిలబడి నెర్రెలకు ఫోటోలు తీశాడు. ముగ్గు తర్వాత పడాల్సిన బొమ్మ అదే. “మేం అడిగిన తీరే తప్పు, ఈ ఊరిని జాబితాలో చేర్చండి” అని చెప్పబోతున్నాడు. అది వినడానికి ఒప్పుకొనే పెద్దాఫీసరు వచ్చాడు. ఆ రెండు బొమ్మల మధ్యలో పడింది నీ అరుపు.

మర్నాడు పేపర్లో “సభలో రభస” అని వేశారు. చెరువు మాటే లేదు.

అవ్వను రైలు స్టేషనుకు నేనే తీసుకుపోయాను. పట్టుచీరల అంగడి ముందు నుంచే నడిచాం, తల తిప్పి చూడలేదు. రైలెక్కేటప్పుడు అంది: “ఆ సారేమో నా ముగ్గు తీసుకుపాయ. వీడేమో నా నోరు గూడా తీసుకుపాయ.”

ఇంకేం రాయను.

రాణి

*

కొండకిందపల్లి,
9 జూన్ 2001.

ప్రియమైన అక్కకు,

నాయన నిన్న తోట పెరికేశాడు. సాయంత్రం హిందూపురం మీదుగానే బెంగుళూరు రైల్లో పోయాడు, నీకు కబురు చేయవద్దన్నాడు. నన్ను తిట్టలేదు. మూట భుజాన వేసుకొని, “నీ అరుపుకు బోరు ఊరింటే బాగుండు నాయనా” అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకుందును.

దీంతో మీ సారు తప్పు మాసిపోయిందనుకోకు. ఆ చెరువులోకి ఆయన జనవరిలోనే దిగి చూడాల్సింది. నేను ఆ మండపంలో నోరు మూసుకోవాల్సింది. రెండూ నిజమే. రెండింటినీ కలిపి ఉడకేసినా మన తోటకు ఒక్క ఆకు రాదు.

కానీ మన ఊళ్ళో కుళ్ళాయప్ప తోట ఇంకా పచ్చగానే ఉంది. ఎర్రిస్వామి బోరు రోజుకు ఒక గంటైనా పోస్తోంది. జాబితా మీద చివరి సంతకం పద్దెనిమిదో తేదీన అని పెనుకొండలో కనుక్కున్నాను. నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఈసారి కరపత్రం వేయలేదు. ప్రతి గడపలోనూ ఆడవాళ్ళు ఒకటే ప్రశ్న వేశారు:

“మళ్ళా నువ్వే మాట్లాడతావా?”

“లేదు.”

“అట్లయితే వస్తాం.”

నా ముఖాన ఉమ్మినా అంత బాధ ఉండేది కాదు. అవ్వ మాత్రం ఇంకొకటి అడిగింది: “మైకు కట్టేస్తే?” ఆఫీసు ముందర మైకే ఉండదని చెప్పాను. సరేనంది.

మీ సారుకు ఈ ఉత్తరం చూపించు. తీసిన ఫోటోలన్నీ తీసుకొని రమ్మను. జీపులో కూర్చొని కాదు, మాతోపాటు ఎండలో నిలబడాలి. ముందు అవ్వ చెప్తుంది, ఎంతసేపు పడితే అంతసేపు. తర్వాత మన ఊరి ఆడవాళ్ళు చెప్తారు. ఆఖరున ఆయన తన తప్పు తానే చెప్పుకోవాలి, పెద్దాఫీసరు ముందర, తెలుగులో. నేను వెనక వరుసలో ఉంటాను.

నువ్వు ఉద్యోగం చూసుకుంటావో, వచ్చి మా పక్కన నిలబడతావో నీ ఇష్టం. సోమవారం, జూన్ పద్దెనిమిది, పొద్దున పది గంటలకు, పెనుకొండ ఆఫీసు మెట్ల ముందర. పదిన్నరకు ఆఫీసరు పెన్ను తీస్తాడు. పదికే రండి.

నీ తమ్ముడు,
తిరుపాల్