జరగని నాలుగో డైవ్

అరవై నాలుగేళ్ళు నిండిన నేను, రేవు పక్క వీధిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా డైవింగ్ స్కూల్ నడుపుతున్నదాన్ని, ఈ గురువారం పొద్దున నా ఆఫీసు గదిలో నా చేత్తోనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా తెలివి సవ్యంగానే ఉంది. నిన్న డాక్టరు నన్ను వందలోంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టమన్నాడు. రెండు దాకా వెళ్ళి, ఇంకా కిందికి వెళ్ళమంటారా అని అడిగాను. నా మీద ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగల మనిషి ఇంకా పుట్టలేదని మా అమ్మాయి అంటుంది. పొగడ్తగా అనదు.

సోమవారం నా గుండెకు ఆపరేషన్. లయ తప్పుతోందట. ఇక డైవింగ్ జన్మలో వద్దన్నారు. ఆపరేషన్ చాలా చిన్నదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. చిన్నదైతే అన్ని కాగితాల మీద సంతకాలెందుకు? నీళ్ళలోకి దిగేవాళ్ళతో నేనూ ఇన్నేళ్ళుగా అలాంటి కాగితాల మీదే సంతకాలు పెట్టిస్తున్నాను. వాటి అర్థం నాకు తెలుసు.

ఇదివరకు రాసిన వీలునామాలు ఇకమీదట చెల్లవు. అలాంటివి రెండున్నాయి, రెండూ కోపంలో రాసినవే. దీన్ని అమలు చేసే బాధ్యత ప్లీడరు గారిది. ఆయన ఇచ్చిన నమూనాలో "స్థిర చరాస్తులు" అని ఉంది. నాకు స్థిరంగా ఉన్నదేదీ లేదు, ఈ కుర్చీ కూడా చక్రాల మీదే ఉంది.

1. స్కూల్, పడవ, గాలి నింపే మెషీన్లు రెండు, ముప్పై ఆరు సిలిండర్లు, సకల హక్కులతో మా అమ్మాయికి చెందుతాయి. మెడ లోతు దాటి ఏనాడూ నీళ్ళలోకి దిగని పిల్ల. కానీ సెలవుల్లో వచ్చేవాళ్ళ బుకింగులన్నీ చూసేది తనే. ఎవరి కాళ్ళకి ఏ సైజు ఫిన్స్ కావాలో, ఎవరు ఎవరితో పోట్లాడి వేరే గది అడిగారో అన్నీ దాని బుర్రలో ఉంటాయి. ఒక్క షరతు. పడవకి నా పేరు పెట్టకూడదు. ఇంజను మొరాయించినప్పుడల్లా జనం నన్ను తిట్టుకోవడం నాకిష్టం లేదు.

2. మా గాలి మేస్త్రి పంతొమ్మిదేళ్ళుగా సిలిండర్లలో గాలి నింపుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క చెడ్డ సిలిండర్ ఇవ్వలేదు. తిట్టినా ఇవ్వలేదు. అతనికి నా రేడియో రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టే మనిషికి ఏమీ రాయకూడదని ప్లీడరు గారన్నారు. అందుకే నిన్ననే ఇచ్చేశాను. ఇప్పుడు పక్క గదిలో మోగుతున్నది అదే. రాసుకుంటున్నా, కాస్త తగ్గించవయ్యా అని ఇప్పటికి రెండుసార్లు చెప్పాను.

3. మా మనవరాలికి నా చిన్న మాస్క్. దాని వయసు ఏడు, దాని తలకి ఇంకా పెద్దదే, ఉండనీ. అద్దం మసకబారకుండా ఉండాలంటే లోపల ఉమ్మేసి వేలితో రుద్ది కడగాలి. వాళ్ళమ్మ ఛీ అంటుంది. అననీ. బంగారు తల్లీ, నీళ్ళలో నువ్వు మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు నీ చెయ్యి నా చేతిలోనే ఉంది, అది మాత్రం గుర్తుంచుకో.

4. రేవుకి అవతలి ఒడ్డున ఇంకో స్కూల్ నడుపుతున్న మా అన్నయ్యకి ఏమీ లేదు. కారణం కూడా రాస్తున్నాను. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. సముద్రంలో మునిగి ఉన్న ఓడ లోపల చేసే పరీక్షలో, పన్నెండు మంది చూస్తుండగా, సొంత చెల్లెల్ని రెండుసార్లు ఫెయిల్ చేసిందీ ఆయనే. ఆ తరువాత ఆయన ఎదురుగా నా స్కూల్ పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ కిందట లంగరు వేసే చోటు గురించి మాటామాటా పెరిగి మాటలు కూడా మానేశాం. ఈ నిబంధన మార్చే ఉద్దేశం నాకు లేదు.

5. నిబంధన కాదిది. లేచి రేవు చివరిదాకా వెళ్ళొచ్చాను. ఏడాదిగా నాకిదే పనిగా ఉంది, కాలు కాలిన పిల్లిలా తిరగడం. మా అల్లుడి పడవ వెళ్ళిన ప్రతిసారీ అది తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడతాను. అత్తగారికి అల్లుడంటే ఎంత ప్రేమో అని రేవులో అందరూ మెచ్చుకుంటారు. వాళ్ళలా అన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

6. మా అల్లుడికి. ఈ అంకె వేసి పావుగంటయింది.

మునిగిన ఓడ లోపలికి జనాన్ని తీసుకెళ్ళాలంటే మా స్కూల్లో ఒక కట్టుబాటు ఉంది. నా దగ్గర నాలుగు లోతు డైవులు చెయ్యాలి, నాలుగోది ఓడ లోపల. తాడు కట్టుకుంటూ లోపలికి వెళ్ళి, మాస్క్ అద్దానికి గుడ్డ కట్టించుకుని, ఏమీ కనపడకుండా, ఆ తాడు ఒక్కటే పట్టుకుని బయటికి రావాలి. లోపల ఎవరి ఫిన్ తగిలినా బురద లేస్తుంది. లేచిందంటే సొంత చెయ్యి కూడా కనపడదు. తాడు వదిలినవాడికి తలుపు ఎటుందో తెలియదు, ఈలోగా గాలి అయిపోతుంటుంది. ఇది చేసి చూపించినవాళ్ళకే కార్డు. ఆ కార్డు మీద నా సంతకం ఉంటుంది.

మా అల్లుడు మూడు చేశాడు, బాగా చేశాడు. నాలుగోదానికి కిందటి సీజన్లో ఇద్దరం దిగాం. ముప్పై ఆరు మీటర్ల దగ్గర నాకు మత్తెక్కింది. అంత లోతులో పీల్చే గాలే మనిషికి మత్తెక్కిస్తుంది. ఒకరోజు ఎక్కుతుంది, ఇంకోరోజు ఎక్కదు. ఈ సంగతి క్లాసులో మొదటి వారమే చెప్తాను, జోకులతో సహా. ఆ రోజు ఓడ రెయిలింగ్‌కి తాడు ముడేశాను. విప్పాను. మళ్ళీ వేశాను. అంత అందమైన ముడి లోకంలో ఎవరూ వేసి ఉండరనిపించింది. గాలి ఎంతుందో చూసుకోలేదు. అతను నా భుజం తట్టి, పైకి వెళ్దామని బొటనవేలు చూపిస్తే, నేను నవ్వుతూ నా ముడి చూపించాను. చివరికి నా సిలిండర్ పట్టీ పట్టుకుని, ఆగాల్సిన చోటల్లా ఆగుతూ, నన్ను పైకి తీసుకొచ్చాడు. ఆ రోజు నేను బతికింది అతని వల్లే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

పడవ ఎక్కాక నేను మాస్క్ తీసేలోపే అతనన్నాడు: "ఎవరికీ చెప్పన్లెండి అత్తయ్యా. ఇది లెక్కలోకి రాదు కదా, ఇంకో రోజు దిగుదాం." అంతే. నేనే, సిగ్గుతో చచ్చిపోతూ, "రాకపోవడమేంటి?" అని అతని డైవుల లెక్క రాసుకునే లాగ్‌బుక్ లాక్కుని, ముప్పై ఎనిమిది మీటర్లు, పరీక్ష పూర్తి, అని రాసి సంతకం పెట్టేశాను. కార్డు వచ్చింది. నోరు మూసుకున్నందుకు నేనిచ్చిన లంచం అది. పాపం, అతను అడగనే లేదు. వద్దనీ అనలేదు.

ఇన్నాళ్ళూ చిన్న లోతులకే వెళ్ళాడు గనక గడిచిపోయింది. ఇప్పుడు నేను దిగకూడదు. అందుకని మా అమ్మాయి, ఏ పాపమూ తెలియక, గోడ మీది బోర్డులో రాసింది: ఆదివారం, ఓడ లోపల, నలుగురు అతిథులు, తీసుకెళ్ళేది మా అల్లుడు.

7. కావున, నా మరణానంతరం ఈ వీలునామా తెరిచిన వెంటనే, ప్లీడరు గారు పై సంగతి కార్డులిచ్చే సంస్థకి తెలియజేసి, మా అల్లుడి కార్డు రద్దు చేయించవలసినది.

8. ఏడో నిబంధన రాసేసి, హమ్మయ్య అనుకుని, సాక్షుల్ని పిలుద్దామని తలుపు తీశాను. ఒకరు గాలి మేస్త్రి. రెండోవారు పళ్ళ డాక్టరు గారు. ఆరేళ్ళుగా ప్రతి సెలవులకీ మా దగ్గరికే వస్తారు. ఇప్పటికి ఎనభై డైవులు చేశారు, కార్డులన్నీ సక్రమం. సక్రమంగా లేనిది ఆయన్ని తీసుకెళ్ళబోయే మనిషిదే. వరండాలో బెంచీ మీద కూర్చుని కొత్త టార్చి వెలిగించి ఆర్పి చూసుకుంటున్నారు. నన్ను చూసి లేచి, "ఆదివారం ఇంజను గది దాకా వెళ్తామట కదా మేడమ్! మా ఆవిడ ఒకటే గోల, వెళ్ళొద్దని. మీ అల్లుడుగారుండగా భయమేంటని చెప్పాను" అన్నారు.

నా గుండె గుభేలుమంది, డాక్టర్లు చెప్పే లయతో దీనికి సంబంధం లేదు. వీలునామా తెరిచేది నేను పోయాక. నేను పోతే పోయేది సోమవారం. ఆదివారం దానికంటే ముందే వస్తుంది! ఈ కాగితం మడతపెట్టి, సంతకం చోటు మాత్రం కనిపించేలా ఆయన ముందు పెట్టబోయాను. లోపల ఏముందో సాక్షి చదవక్కర్లేదని ప్లీడరు గారన్నారు కదా. ఛీ, నా బతుకు! చచ్చాక నిజం చెప్పడానికి ఇంత శ్రమపడి కాగితం రాసుకున్నానా?

ఏడో నిబంధన కొట్టేశాను. కొట్టివేత నాదేనని పక్కన పొడి సంతకం పెట్టాను.

9. ఈ నిబంధన నా మరణానంతరం కాక, ఈ పూట నుంచే అమలు. పదకొండున్నరకి మా అమ్మాయిని, అల్లుణ్ణి లోపలికి పిలిచి ఆరో నిబంధన చేతికిచ్చాను. అతను నిలబడే చదివాడు. పర్సులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు చెప్తారని నేను చూస్తున్నాను అత్తయ్యా. నేను చెప్తే మీ పేరు పోతుందని ఊరుకున్నా" అన్నాడు. మరి ఆదివారం ఏం చేద్దామనుకున్నావు బాబూ అని అడిగాను. "గుమ్మం దగ్గరే ఆపేద్దామనుకున్నాను. వాళ్ళు లోపలికి వెళ్దామని పట్టుబడితే కాదనగలిగేవాణ్ణో లేదో, నిజంగా నాకు తెలీదు" అన్నాడు.

మా అమ్మాయి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దరి మర్యాదలూ తగలెయ్య! మధ్యలో ఆ నలుగురేం పాపం చేశారమ్మా?" అని అరిచి, వెళ్ళి బోర్డు మీద ఆదివారం తుడిచేసింది. నా కూతురి చేత అంత మాట అనిపించుకోవాల్సిందే నేను.

కార్డులిచ్చే సంస్థకి ఉత్తరం రాసి, మా అమ్మాయి చేతికే ఇచ్చి పంపాను. అల్లుడి కార్డుతో పాటు, కార్డుల మీద సంతకం పెట్టే నా హక్కు కూడా తీసేస్తారు. తియ్యాలి కూడా. స్కూల్ పేరు కొన్నాళ్ళు నలుగురి నోళ్ళలో నానుతుంది. అమ్మా, ఒకటో నిబంధనలో నీకు రాసిన ఆస్తితో పాటు ఇదీ నీకే వస్తోంది. క్షమించు.

10. నాలుగో నిబంధన మారుస్తున్నాను. మా అల్లుడికి నాలుగో డైవ్ చేయించడానికి, అవసరమైతే ఫెయిల్ చెయ్యడానికి, ఈ రేవులో నాకు నమ్మకమున్న మనిషి ఒక్కరే. తొమ్మిదేళ్ళ తరువాత అన్నయ్యకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, ముడి సంగతితో సహా. అంతా విని, "మాస్క్‌కి కట్టే గుడ్డ నేను తెచ్చుకోనా, నువ్వు పంపిస్తావా?" అన్నాడు. ఆస్పత్రి ఎక్కడ, ఎన్నింటికి అని కూడా అడిగాడు. నన్ను ఆ రోజుల్లో రెండుసార్లు ఫెయిల్ చెయ్యకపోతే ఇన్నేళ్ళు బతికేదాన్ని కాదని చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా లాగ్‌బుక్కులన్నీ అన్నయ్యకి. తప్పులు దిద్దుకోవచ్చు.

11. మా అల్లుడికి నేనిస్తున్నది ఇంతే: నన్ను పైకి తీసుకొచ్చినందుకు కృతజ్ఞత. ఇది కూడా పొద్దున అతని ఎదుటే నోటితో చెప్పేశాను గనక, రాసిచ్చేందుకు ఏమీ మిగల్లేదు.

పై పదకొండు నిబంధనలూ, కొట్టేసిన ఒకటి తప్ప, నా ఇష్టప్రకారం రాసుకున్నవే. ఇందులో మడతపెట్టి దాచిన పేజీ ఏదీ లేదు. సాక్షులిద్దరూ మొదటినుంచి చివరిదాకా చదివాక, వాళ్ళ కళ్ళెదుట సంతకం చేస్తున్నాను.

మార్చి పంతొమ్మిది, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలు.

(సంతకం)
డైవింగ్ స్కూల్ టీచరమ్మ

సాక్షులు:

1. (సంతకం) గాలి మేస్త్రి. రేడియో ఆపేసి చదివాను.

2. (సంతకం) పళ్ళ డాక్టరు. చదివే సంతకం పెట్టాను. టీచరు గారి మీద కోపంగానే ఉంది. ఆదివారం నేను నీళ్ళలోకి దిగడం లేదు, సోమవారం ఆస్పత్రి వరండాలో ఉంటాను.